మూడో అంతస్తు వేడినీళ్ళు

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, సింగపూర్‌లో బూన్ లే అనే పేటలోని పాత నర్సింగ్ హోమ్‌లో వేడినీటి వ్యవస్థను బాగుచేసే పని నాకు అప్పగించారు. అప్పుడు నా హోదా సీనియర్ మెకానికల్ ఇంజనీర్. మా ఆఫీసు పాయా లేబర్‌లో ఉండేది. సింగపూర్‌లో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలోలాగా చిన్న ఆసుపత్రి కాదు. మంచం పట్టిన పెద్దవాళ్ళను ఉంచి చూసుకొనే చోటు. "సింగపూర్‌లో వేడినీళ్ళెందుకు సామీ, కుళాయి తిప్పితే సగం కాగిన నీళ్ళే గదా వచ్చేది" అని మా అనంతపురం చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. ఎనభై దాటిన ఒంటికి ఆ సగం చాలదు. పొద్దున్నే చన్నీళ్ళు తగిలితే వాళ్ళకు వణుకు పుట్టి మధ్యాహ్నం దాకా తగ్గదు.

హోమ్‌కు మూడు అంతస్తులు. కింద ప్లాంట్ రూమ్‌లో గ్యాస్‌తో నడిచే బాయిలరు, దాని పక్కన పెద్ద నిల్వ ట్యాంకు. అక్కడినుంచి గొట్టాలు పైకి పోయి ప్రతి స్నానాలగదికీ నీళ్ళిచ్చేవి. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ బాయిలరు పొద్దస్తమానం మండుతూనే ఉంది. దాన్ని ఆపాల్సిన థర్మోస్టాట్ ఎప్పుడో మొరాయించింది. గొట్టాలకు చుట్టిన ఉష్ణనిరోధక పొర చాలాచోట్ల ఊడి వేలాడుతోంది. అన్నిటికంటే పెద్ద లోపం సర్క్యులేషన్ పంపు. వేడినీళ్ళను గొట్టాల్లో తిప్పి మళ్ళీ ట్యాంకుకు చేర్చడం దాని పని. అది తిరుగుతుంటే ఏ అంతస్తులో కుళాయి తిప్పినా వెంటనే వేడినీళ్ళు వస్తాయి. అది పాడై ఎన్నో ఏళ్ళయిందట. అందుకని మూడో అంతస్తులో కుళాయి తిప్పితే మొదట గొట్టంలో చల్లారిన నీళ్ళు వచ్చేవి, తర్వాత గోరువెచ్చటివి, నాలుగైదు నిమిషాలకు గాని వేడివి వచ్చేవి కావు.

నాకు పాత యంత్రాలంటే ఇష్టం, వాటిని పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళంటే కోపం. ఆ కోపం ముక్కుమీదే ఉండేది, దాచుకొనే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ రోజు ప్లాంట్ రూమ్‌లో నిలబడి, ఇన్నేళ్ళు ఇక్కడ ఎవరు కళ్ళు మూసుకొని ఉద్యోగం చేశారని గట్టిగానే అడిగాను. కాబట్టి తర్వాత జరిగినదాంట్లో నా వంతును తగ్గించి చెప్పను.

మేము చేసింది ఇదీ. గ్యాస్ బాయిలరును అత్యవసరానికి ఉంచి, మేడ మీద హీట్ పంపులు పెట్టాం. గాలిలోని వేడిని లాగి నీళ్ళకిచ్చే యంత్రాలవి. గొట్టాలన్నిటికీ కొత్త పొర చుట్టాం. కొత్త సర్క్యులేషన్ పంపు, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు, టైమరు, అన్నిటినీ నడిపే కంట్రోల్ ప్యానెల్ బిగించాం. ట్యాంకులో నీళ్ళు అరవై డిగ్రీలు ఉండేలా పెట్టాం. నిల్వ నీళ్ళు గోరువెచ్చగా ఉంటే వాటిలో క్రిములు పెరిగి, షవరు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముసలి ప్రాణాలకు అది ముప్పు. అయితే అరవై డిగ్రీల నీళ్ళు ఒంటిమీద పడితే కాలుతుంది. అందుకని ప్రతి స్నానాలగదిలోనూ మిక్సింగ్ వాల్వు ఉండాలి. వేడినీటిలో తగినంత చన్నీరు తనంతట తానే కలిపి, ఒంటికి పట్టే వేడిలోనే వదులుతుందది. చిన్నప్పుడు మా అమ్మ రాగి బిందెలోని నీళ్ళకు తొరపుకు చన్నీళ్ళు పోసి, మోచేయి ముంచి చూసి నాకు పోసేది. ఆ వాల్వు చేసే పని కూడా అంతకంటే ఏమీ లేదు.

కింది రెండు అంతస్తుల వాల్వులు సరిగ్గానే వచ్చాయి. మూడో అంతస్తువి రావడం రెండు వారాలు ఆలస్యమైంది. ఒకటో తారీకునుంచి కొత్త వ్యవస్థ ఎంత ఇంధనం ఆదా చేస్తోందో కొలవడం మొదలుపెట్టాలని ఒప్పందంలో ఉంది. ఒకటో తారీకు సోమవారం వచ్చింది. మూడో అంతస్తును వదిలేసి కొలిస్తే అంకెలు పనికిరావు. అందుకని ఆదివారం సాయంత్రం ఐదింటికి పంపును మొత్తం భవనానికీ ఆన్ చేశాను. మూడో అంతస్తులో వాల్వులు లేవు కాబట్టి నీళ్ళు చూసుకొని వాడమని సిస్టర్ గోమతికి చెప్పాను. ఆమె ఆ అంతస్తు ఇన్‌చార్జ్. తమిళావిడ, కంచు గొంతు, మాటమీద నిలబడే మనిషి. సరేనని ఇంగ్లీషులో ఒక నోటీసు రాసి డ్యూటీ పట్టిక కింద అంటించింది. నేను కమిషనింగ్ కాగితం తీశాను. కొత్త వ్యవస్థను పరీక్షించి, బాగుందని సంతకం పెట్టి అప్పగించడాన్ని కమిషనింగ్ అంటారు. అందులో 'వాడేవారికి మార్పులు వివరించబడినవి' అని ఒక గడి ఉంటుంది. దాంట్లో టిక్కు పెట్టి, సంతకం చేసి ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం ఏడుంపావుకు ఆఫీసులో అడుగు పెట్టేసరికి ఫోన్ మోగింది. సిస్టర్ గోమతి గొంతు నేనెప్పుడూ అంత చిన్నగా వినలేదు. "సార్, ఆ కోంగ్ కాళ్ళు కాలిపోయాయి. వేడినీళ్ళు. మీరు రండి" అని పెట్టేసింది. ఆ కోంగ్ అంటే హొక్కియెన్ అనే చైనా భాషలో తాత. ఆ హోమ్‌లో చాలామందిని అలాగే పిలిచేవాళ్ళు. ఏ అంతస్తు అని నేను అడగలేదు, అడగాల్సిన పని లేదు.

పాయా లేబర్‌నుంచి బూన్ లేకు రైలు మారక్కర్లేదు, కాని ముక్కాలు గంటకు తక్కువ పట్టదు. ఆ ముక్కాలు గంటలో నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ప్రతి స్టేషన్‌లో తలుపులు తెరుచుకొని మూసుకునేదాకా గడియారం చూశాను. నా ముఖం ఎలా ఉందో ఏమో, చైనా అమ్మాయి ఒకతె లేచి "అంకుల్, యూ సిట్ లా" అని సింగపూర్ యాసలో అంటూ చోటిచ్చింది. ఇంకో గదిలో ఇంకెవరైనా అదే కుళాయి తిప్పుతున్నారేమోనన్న ఆలోచన వచ్చి, మళ్ళీ లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను.

నేను చేరేసరికి ఆ తాతను అంబులెన్సులో తీసుకుపోయారు. ముందు ప్లాంట్ రూమ్‌కు పరుగెత్తి మూడో అంతస్తు వేడినీటి గొట్టం మీది మరను చేత్తో తిప్పి మూసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. గొట్టం మూసే ముందు ఆ స్నానాలగదిలో నీళ్ళు కొలిచి ఉండాల్సిందని అప్పుడు తోచి, మళ్ళీ తెరిచి పైకి పోయి కొలిచాను. యాభై ఏడు డిగ్రీలు. కుళాయి తిప్పిన మరుక్షణం వచ్చిన నీళ్ళవి. కిందికి వచ్చి గొట్టాన్ని మళ్ళీ మూసేశాను.

ఆ రోజు ఆయనకు స్నానం చేయించింది మరియమ్మ. చీరాల దగ్గరి ఊరు, ముప్పై ఏళ్ళుంటాయి, మూడేళ్ళుగా అక్కడ హెల్త్‌కేర్ అసిస్టెంట్. నేను తెలుగువాణ్ణని తెలిసినప్పటినుంచి కనిపిస్తే "బాగున్నారా అంకుల్" అనకుండా పోయేది కాదు. ఆ పొద్దు గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఏం జరిగిందో చూపించమన్నాను. చూపించింది.

వాళ్ళ పద్ధతి ఇదట. తాతను షవరు కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు ప్లాస్టిక్ బేసిన్‌లో పెట్టి, చేతి షవరును అందులో పడేసి వేడినీటి కుళాయి పూర్తిగా తిప్పేస్తారు. మొదట వచ్చేవి చల్లటి నీళ్ళే. వెనక నిలబడి చొక్కా విప్పి, పళ్ళసెట్టు కడిగేలోపు అవి గోరువెచ్చనవుతాయి. "పాదాలనుంచి మెల్లగా వేడెక్కితే ఒళ్ళు జలదరించదు అంకుల్. అప్పుడు చన్నీళ్ళు తిప్పి తొరుపుకుంటాం. నేనొచ్చినకాణ్ణుంచీ ఇంతే. నాకు ముందున్న అక్క నేర్పింది, ఆమెకు ఇంకెవరో నేర్పారు" అంది మరియమ్మ. ఆ తాతకు షుగరువల్ల పాదాల్లో స్పర్శ లేదు. పక్షవాతంతో మాట కూడా పోయింది. కాళ్ళు కాలుతున్నా ఆయన కదల్లేదు, అరవలేదు. ఆమె ముందుకు వచ్చి ఆవిరి చూసేసరికి చర్మం ఎర్రబడి పొక్కులు లేస్తున్నాయి.

నీళ్ళు ఆలస్యంగా రావడమనే లోపాన్ని వాళ్ళు పనిలో కలుపుకొని, దానిమీద ఒక మంచి పద్ధతి కట్టుకున్నారు. ఆ లోపాన్ని నేను ఒక్క సాయంత్రంలో తీసేశాను. తీసేసినట్టు వాళ్ళకు తెలియదు. సిస్టర్ గోమతి సాయంత్రం షిఫ్టుకూ రాత్రి షిఫ్టుకూ చెప్పింది, అది నిజం. పొద్దుటి షిఫ్టువాళ్ళు మాత్రం రాత్రి షిఫ్టువాళ్ళు చెప్పే అప్పగింత మాటలకంటే ముందే స్నానాలు మొదలుపెడతారు. నెల రోజులు ఆ భవనంలో తిరిగినవాణ్ణి, ఒక్క పొద్దయినా స్నానాల వేళకు వెళ్ళి చూడలేదు.

మధ్యాహ్నం మా ప్రాజెక్ట్ డైరెక్టర్ వెస్లీ నన్ను గదిలోకి పిలిచాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, చెడ్డవాడు కాదు, కంపెనీ మనిషి. ప్రమాదం జరిగితే కమిషనింగ్ చేసిన ఇంజనీరు కారణాల నివేదిక రాయాలి. హోమ్ కమిటీ గురువారం కూర్చొని దాన్ని చూస్తుంది. హోమ్ రాతపూర్వక నియమాల్లో, పెద్దవారికి తాకించే ముందు నీళ్ళను థర్మామీటరుతో పరీక్షించాలని ఉంది. వెస్లీ ఆ పేజీ నా ముందు పెట్టాడు. "ప్రొసీజర్ ఉంది, ఆవిడ ఫాలో కాలేదు. ఫ్యాక్ట్స్ మాత్రం రాయి రాఘవా. నీ ఒపీనియన్ ఎందుకు లా?" అన్నాడు.

నేను రాశాను. నిల్వ ఉష్ణోగ్రత నిబంధనల ప్రకారమే ఉంది. ఇన్‌చార్జ్‌కు ముందే తెలియజేశాం. నోటీసు అంటించి ఉంది. సహాయకురాలు నీటిని పరీక్షించలేదు. అందులో ఒక్క అబద్ధం లేదు. స్నానాలగది తలుపు వెనక కొక్కేనికి వేలాడే ఆ థర్మామీటరు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందనీ, వాల్వులు లేకుండా పంపు ఆన్ చేసింది నేననీ అందులో లేదు. ఆ కాగితం అలాగే పోతే మరియమ్మ వర్క్ పర్మిట్ రద్దవుతుంది. వారంలోపు విమానం ఎక్కిస్తారు. రోగి కాళ్ళు కాల్చిందన్న మాట వెంట వస్తే ఆమెకు ఇంకే దేశంలోనూ ఈ పని దొరకదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే రాశాను. ఎందుకంటే భయం. ముప్పై ఏళ్ళలో నా సంతకం ఉన్న పనిమీద ఒక్క ప్రమాదం లేదు. ఇంకో మూడేళ్ళలో మర్యాదగా బయటపడాలన్నది తప్ప నాకు వేరే కోరిక లేదు. నివేదికను పంపకుండా సంచిలో పెట్టుకొని ఇంటికి వెళ్ళాను. పంపడానికి బుధవారం సాయంత్రం దాకా గడువుంది.

మంగళవారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే బంధువులకు తప్ప ఎవరికీ చెప్పం అన్నారు. షుగరున్న పాదం పుండు పడితే ఎంత దూరం పోతుందో నాకు తెలుసు, మా నాన్నకు చూశాను. సాయంత్రం భోజనం దగ్గర మా ఆవిడ నా కంచం వైపు చూసి, "ఏమైంది మీకు? అన్నం ముందర పెట్టుకొని గోడ చూస్తాండారు" అంది. చెప్పాను. అంతా విని, "ఆ పాప చేసిన తప్పు రాసినారు. మీది యాడ రాసినారు?" అని అడిగింది. నీకేం తెలుసని కసురుకున్నాను. తప్పు చేసినప్పుడే నా గొంతు పెద్దదవుతుందని ఆమెకు పాతికేళ్ళ కిందటే తెలుసు.

బుధవారం మధ్యాహ్నం, మూడో అంతస్తు గొట్టాలను మళ్ళీ పరీక్షించే నెపంతో బూన్ లే వెళ్ళాను. పని కాగానే పక్కనే తినుబండారాల అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో కోపీ, అంటే అక్కడి కాఫీ, తీసుకొని కూర్చున్నాను. మరియమ్మ నన్ను చూసి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెను రెండు రోజులుగా స్నానాల పనినుంచి తప్పించి బట్టల గదిలో వేశారు. కాపాడమని కాళ్ళావేళ్ళా పడుతుందనుకొని, నా చేతిలో ఏమీ లేదమ్మా అన్న జవాబును నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను.

"అంకుల్, మీతో ఒక మాట. నీళ్ళు పట్టి చూళ్ళేదని నేనే చెప్పేశా సిస్టర్‌కి. అబద్ధమెందుకు? రేపు మీటింగులో ఏమవుద్దో నాకు తెలవదు. నేనుంటే నేను, లేకపోతే నా చోట్లోకి ఇంకో పిల్లొచ్చిద్ది. ఆ కుళాయి ఇప్పుడు ఎట్టా తిప్పాలో ఎవరూ చెప్పలేదంకుల్. మీరు చెప్తే రాసుకుంటా" అంది. యూనిఫారం జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీసి ఎదురుగా కూర్చుంది.

కోపీ పక్కకు జరిపి చెప్పడం మొదలుపెట్టాను. మూసిన గొట్టం మళ్ళీ తెరిచాక, పంపు తిరుగుతుంటే కుళాయి తిప్పగానే వేడినీళ్ళే వస్తాయి. కాబట్టి ముందు చన్నీటి కుళాయి తిప్పాలి, తర్వాత వేడిది కొంచెం కొంచెంగా. బేసిన్ నిండాక మోచేయి ముంచి చూడాలి. అప్పుడే పాదాలు పెట్టాలి. వాల్వులు వచ్చాక కూడా ఇంతే, వాల్వూ పాడవుతుంది కదా. ఆమె తెలుగులో రాసుకుంది, ఒకసారి చదివి వినిపించింది, రెండుచోట్ల ప్రశ్నలడిగింది. పుస్తకం మూస్తూ, "ఇంతేనా అంకుల్?" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే అంతేనా అని అడిగింది. నా కోపీ ఇంకా వేడిగానే ఉంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సిగ్గుతో ఆమె ముఖం చూడలేక బల్ల చూస్తూ "అంతేనమ్మా" అన్నాను.

అక్కడే కూర్చొని నివేదిక తిరగరాశాను. మిక్సింగ్ వాల్వులు లేని అంతస్తుకు పంపు ఆన్ చేయడం కమిషనింగ్ ఇంజనీరు తప్పు. వాడేవారికి వివరించినట్టు పెట్టిన గుర్తు వాస్తవం కాదు, పొద్దుటి షిఫ్టుకు ఎవరూ వివరించలేదు. సహాయకురాలు అనుసరించిన పద్ధతి పాత వ్యవస్థకు సురక్షితమైనది, ఆ పద్ధతిని తెలుసుకోకుండానే వ్యవస్థను మార్చారు. పరీక్షించాలన్న నియమం ఉందనీ, ఆమె పాటించలేదనీ కూడా ఉంచాను, పనిచేయని థర్మామీటరు సంగతితో సహా. వెస్లీకి పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. నీకేమైనా పిచ్చా అన్నాడు, కంపెనీ గురించి ఆలోచించమన్నాడు, చివరికి బతిమాలాడు. కారణాల నివేదికకు కమిషనింగ్ ఇంజనీరు సంతకం చాలు, పైవాళ్ళ అనుమతి అక్కర్లేదు. సంతకం పెట్టి నేనే కమిటీకి పంపాను. ధైర్యం వచ్చి పంపానని చెప్పను. పంపకుండా ఇంటికి పోవడానికి ఇంకా ఎక్కువ భయమేసింది.

గురువారం నన్ను గంటన్నరసేపు ప్రశ్నలడిగారు. మరియమ్మకు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి పనిలో ఉంచారు. మూడో అంతస్తు వాల్వులు బిగించేదాకా పంపు ఆపేశారు, ఆదా లెక్కలు నెల వెనక్కి పోయాయి. మా కంపెనీ నాకు కమిషనింగ్ సంతకం అధికారం తీసేసింది. మిగిలిన మూడేళ్ళూ నా పనిమీద నాకంటే జూనియర్లు సంతకాలు పెట్టారు. మొదట్లో అది ఒళ్ళు మండించింది, తర్వాత అలవాటైంది. ఆ తాత ఆరు వారాలకు హోమ్‌కు తిరిగొచ్చాడు. ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశారు. నేను వెళ్ళి ఆయన మంచం పక్కన నిలబడ్డాను. నేనెవరో ఆయనకు తెలియదు, చెప్పినా బదులు చెప్పలేడు. క్షమించమని ఇంగ్లీషులో అన్నాను, ఆయనకు ఇంగ్లీషు రాదని సిస్టర్ గోమతి చెప్పింది.

ఆ తర్వాత ఏ పాత వ్యవస్థ దగ్గరికి పంపినా, మొదటిరోజు నేను పనిముట్ల సంచి తెరవలేదు. దాన్ని రోజూ వాడేవాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళు ఏది ముందు తిప్పుతున్నారో, ఏది తర్వాత తిప్పుతున్నారో చూసి రాసుకున్నాను. యంత్రం చెడిపోతే మనుషులు దాని చెడుకు తగ్గట్టు తమ పనిని మార్చుకుంటారు. ఆ మార్పు ఏ డ్రాయింగులోనూ ఉండదు. యంత్రాన్ని బాగుచేసేవాడు ముందు దాన్ని కనుక్కోవాలి, వెళ్ళే ముందు కొత్త పద్ధతిని నేర్పి మరీ వెళ్ళాలి. నేర్పడానికి నాకు పట్టింది ఐదు నిమిషాలు. అది నేను బుధవారం చేశాను. సోమవారం పొద్దుటికి చేసి ఉండాల్సింది.